ఎంత తొక్కినా గుమ్మం దాటని సైకిల్

"ఏట్రా ఇది, ఎంత తొక్కినా గుమ్మం దాటదు?"

మేడమీద గదిలో మొదటిసారి ట్రైనర్ మీద సైకిల్ తొక్కుతుంటే అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఎక్కడికీ కదలని సైకిలే కదా, దీంతో ప్రమాదమేంటి అని నేనూ అనుకున్నాను. రెండు నెలల్లో మూడుసార్లు ఆ నమ్మకం తప్పని తేలింది.

విజయనగరం నుంచి రామతీర్థానికో, శ్రీకాకుళం నుంచి కళింగపట్నం బీచ్‌కో సైకిల్ మీద వెళ్లేవాళ్లు మనలో కొందరున్నారు. కానీ వానాకాలంలో, హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) వచ్చిన అక్టోబర్ తుపానుల రోజుల్లో రోడ్డెక్కలేం. హైవే మీద లారీల సంగతి సరేసరి. అప్పుడు పనికొచ్చేదే ట్రైనర్. వెనక చక్రాన్ని ఇనప స్టాండులో బిగించి, టైరును ఒక రోలర్‌కి ఆనిస్తాం. అయస్కాంతమో, ద్రవమో ఆ రోలర్‌కి అడ్డుపడి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంత బరువు తెప్పిస్తుంది. ఆస్ట్రేలియా రేసర్ మాథ్యూ హేమన్ 2016లో చెయ్యి విరిగాక ఇంట్లో ట్రైనర్ మీదే సాధన చేసి, కొన్ని వారాలకే పారిస్-రూబే రేసు గెలిచాడు. కాబట్టి దీన్ని తక్కువగా చూడొద్దు. అజాగ్రత్తగానూ వాడొద్దు.

మొదటి దెబ్బ: బిగింపు

స్టాండు కప్పులు వెనక ఇరుసు కొసలను రెండు పక్కలా పట్టుకోవాలి. నా సైకిల్‌కి ముందునుంచీ ఉన్న క్విక్ రిలీజ్ ఆ కప్పుల్లో సరిగ్గా కూర్చోలేదు. లేచి నిలబడి తొక్కగానే టక్కుమని జారింది. పక్కన మంచం ఉండబట్టి బతికిపోయాను. ట్రైనర్‌తో పాటు వచ్చే ఉక్కు స్క్యూవరే వేయండి. థ్రూ యాక్సిల్ సైకిల్ అయితే దానికి సరిపడే అడాప్టర్ కావాలి. స్టాండు కాళ్లు పూర్తిగా తెరిచి, సమంగా ఉన్న నేల మీద రబ్బరు మ్యాట్ వేసి పెట్టండి. ఎక్కేముందు సీటు పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. రోలర్ వదులుగా ఆనితే టైరు జారి అరిగిపోతుంది, మరీ బిగిస్తే వేడెక్కుతుంది.

రెండో దెబ్బ: వేడి

ఇక్కడ చిన్న లెక్క. పెడల్ మీద 150 వాట్లు ఇస్తున్నాం అనుకుందాం. మన ఒంటి ఎఫిషియెన్సీ సుమారు 20-25 శాతమే. అంటే 450 నుంచి 600 వాట్లు వేడిగా మిగులుతాయి, దాదాపు సగం ఇస్త్రీపెట్టె! రోడ్డు మీదైతే ఎదురుగాలి దాన్ని తీసుకుపోతుంది. గదిలో ఆ గాలి లేదు. 500 వాట్ల వేడి చెమటతోనే పోవాలంటే గంటకి ముప్పావు లీటరు ఆవిరవ్వాలి. మన సముద్రతీరపు ఉక్కపోతలో చెమట ఆరదు, కారుతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. నాకు నలభై నిమిషాలకే కళ్లు తిరిగాయి.

కిటికీలు తీసి, ఫ్యాన్ ఎదురుగా పెట్టుకోండి. మధ్యమధ్యలో నీళ్లో, ఉప్పు వేసిన మజ్జిగో తాగండి. తల తిరిగితే పంతానికి పోకుండా ఆపేయండి. హ్యాండిల్ మీద తువ్వాలు వేయకపోతే ఉప్పుచెమటకి బోల్టులు తుప్పు పడతాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు చెమట పడనంత దూరంలో ఉండాలి.

మూడోది: దెబ్బ కాదు గానీ...

ఒకరోజు తొక్కడం ఆపి, నీళ్లకోసం దిగాను. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, రోలర్ పక్కనున్న బరువైన ఫ్లైవీల్ దాన్ని తిప్పుతోంది. మూడేళ్ల మా అక్క కొడుకు ఎప్పుడొచ్చాడో, చువ్వల వైపు చెయ్యి చాచాడు. "ఓలమ్మో, గుంటడు!" అని అరిచి అమ్మమ్మ రెక్క పట్టి లాగింది. చక్రానికీ వాడి వేళ్లకీ మధ్య అంగుళం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి వెనక బ్రేకు నొక్కి, చక్రం పూర్తిగా ఆగాకే దిగుతున్నాను. చక్రం తీసేసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ రకానికి వెనక బ్రేకు పనిచేయదు. దాని ఫ్లైవీల్ ఆగేదాకా సీటు మీదే ఉండాలి. తొక్కిన వెంటనే రోలర్ ముట్టుకుంటే కాలుతుంది కూడా. ఇక తలుపుకి లోపల గడియ పెట్టను, నేను పడిపోతే ఎవరూ రాలేరు. బయట, పిల్లాడికి అందని పై గడియ పెట్టిస్తాను. ఫోన్ చేతికందేలా ఉంచుకుంటాను.

ఇప్పుడు నేను మేడెక్కితే చాలు, కిందనుంచి అమ్మమ్మ కేకేస్తుంది:

"గుంటడు నా కాడే ఉన్నాడు, తొక్కుకో!"