కాలి పుండుకు జెల్ మందు: దాతలు తెలుసుకోవలసిన సంగతి



వైద్య ఖర్చులకు సాయం కోరి వచ్చేవారిలో షుగర్ వల్ల పాదానికి పుండు పడినవారు తప్పక ఉంటారు. వారి మందుల చీటీలో ఒక్కోసారి చిన్న జెల్ ట్యూబు పేరు కనిపిస్తుంది. ధర చూసి "పూతమందుకు ఇంత ఖరీదా?" అని అడగడం సహజం. అడగాలి కూడా. అది మన జకాత్, సదఖా సొమ్ము. ఆ ట్యూబులో ఏముంది, అది ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పనికిరాదు అన్నది నాకు తెలిసినంతలో సులువుగా చెప్పే ప్రయత్నం ఇది.

ట్యూబులో ఉన్నది ఏమిటి?

మన శరీరంలో గాయం మానడానికి చర్మకణాలు పెరగాలి. "పెరగండి" అని వాటికి కబురు చెప్పే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ దీన్ని కనుగొన్నారు. ఆ కృషికి 1986లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 53 అమైనో ఆమ్లాల ఈ గొలుసును ఇప్పుడు సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారు. మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ కంపెనీ దీనినే జెల్‌లో కలిపి షుగర్ పుండ్ల కోసం రీజెన్-డి 150 అనే పేరుతో తెచ్చింది. ఒక గ్రాము జెల్‌లో 150 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటుందని ఆ అంకెకు అర్థం.

మాత్రగా ఎందుకు ఇవ్వరు?

ప్రోటీన్‌ను మింగితే కడుపు దాన్ని మాంసాన్ని, పప్పును అరిగించినట్టే అరిగించేస్తుంది. ఇన్సులిన్‌ను సూదితో ఇవ్వడానికీ ఇదే ముఖ్య కారణం. పోనీ నీళ్లలో కలిపి పుండు మీద పోద్దామంటే కారిపోతుంది. పైగా మానని పుండులో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములు ఎక్కువ. ఖరీదైన మందు కాసేపట్లోనే వృథా అవుతుంది. కాబట్టి మందును కాపాడుతూ, పుండు దగ్గరే నిలిపి, కొంచెం కొంచెంగా వదిలే వాహనం కావాలి. ఆ వాహనమే హైడ్రోజెల్.

ఇఫ్తార్ దస్తర్ఖాన్ మీద హైడ్రోజెల్

పేరు కొత్తదైనా వస్తువు మనకు కొత్త కాదు. రంజాన్‌లో షర్బత్‌లో వేసే సబ్జా గింజలు నానగానే చుట్టూ మెత్తటి పొర కడతాయి. అది హైడ్రోజెల్. ఇంట్లో చేసే చైనా గ్రాస్ కూడా అదే. నూరు పాళ్లలో తొంభై పాళ్లకు పైగా నీరే ఉన్నా అది కారిపోదు. లోపల కంటికి కనిపించని దారాలు వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతాయి.

పిల్లలకు ఇది ఇంట్లోనే చూపించవచ్చు. ఒక గ్లాసు నీళ్లలో ఎర్ర షర్బత్ చుక్క వేసి కలిపితే రంగు వెంటనే అంతటా పాకుతుంది. అదే షర్బత్ కలిపి గడ్డ కట్టించిన చైనా గ్రాస్ ముక్కను ఇంకో గ్లాసులో వేస్తే రంగు మెల్లగా బయటికి వస్తుంది. రంగు స్థానంలో మందును ఊహించుకోండి.

వల కన్నాలు పెద్దవైతే మందు త్వరగా, చిన్నవైతే నెమ్మదిగా వస్తుంది. కొన్ని జెల్‌లు శరీరంలో కరుగుతూ మందును వదులుతాయి. కష్టాలూ ఉన్నాయి. మొదటి గంటల్లోనే మందు ఎక్కువగా వచ్చేయవచ్చు. ప్రోటీన్ తన రూపం చెడి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. అందుకే పెట్టె మీద రాసిన చల్లదనంలోనే ఉంచాలి.

ఎంతకాలం పనిచేస్తుంది?

పూత జెల్‌లు పనిచేసేది గంటల లెక్కలోనే. అమెరికాలో 1997లో అనుమతి పొందిన రెగ్రానెక్స్ అనే ఇలాంటి జెల్‌ను పన్నెండు గంటలు ఉంచి కడిగేయమంటారు. రోజూ మళ్లీ రాయాల్సిందే. మరోవైపు, 2004లో అక్కడే అనుమతి పొందిన వాంటాస్ అనే చిన్న హైడ్రోజెల్ పుల్లను ప్రోస్టేట్ క్యాన్సర్ రోగి చేతి చర్మం కింద పెడితే ఏడాది పొడవునా మందు వదిలేది. అందులోని మందు తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు.

మరి ఇన్సులిన్‌ను అలా పెట్టవచ్చు కదా అంటారు. ఆ మందు మోతాదు రోజూ ఒక్కలాగే ఉంటే సరిపోతుంది. ఇన్సులిన్ అవసరం మాత్రం తిండిని బట్టి, రోజాను బట్టి మారుతుంది. రక్తంలో చక్కెరను బట్టి మందు వదిలే జెల్‌ల మీద పరిశోధన నడుస్తోంది. అంతవరకు ఎవరి మాట విన్నా ఇన్సులిన్ మానకూడదు.

జెల్ దేనితో చేశారన్న సందేహం కొందరికి ఉంటుంది. సముద్రపు నాచు, మొక్కల నార, కృత్రిమ పదార్థాలతో చేసినవి ఉన్నాయి. జెలటిన్ మాత్రం జంతువుల నుంచి వస్తుంది. అనుమానం ఉంటే డాక్టరును అడిగి, ఆలిములను సంప్రదించవచ్చు.

జెల్ ఒక్కటే చాలదు

అసలు చెప్పదలచిన మాట ఇది. షుగర్ అదుపులో లేకపోతే, చచ్చిన కండను డాక్టరు తీయకపోతే, చీము ఉంటే, కాలికి రక్తం సరిగా అందకపోతే ఎంత ఖరీదైన జెల్ రాసినా ఫలితం ఉండదు. పుండు ఉన్నచోట క్యాన్సర్ ఉంటే ఈ మందు వాడనే కూడదు. అన్నిటికంటే ముఖ్యం, పుండు మీద బరువు పడకూడదు. ఇక్కడే పేదవాడు ఓడిపోతాడు. తాపీ మేస్త్రీకో, హమాలీకో వారాల తరబడి కాలు కింద పెట్టవద్దంటే ఇల్లు గడిచేదెలా? ట్యూబు మనం కొనిస్తాం. అతను మర్నాడే పనికి పోతాడు. పుండు పెద్దదవుతుంది. చివరికి వేలో, కాలో తీయాల్సి వస్తుంది.

కాబట్టి సాయం చేసేటప్పుడు ట్యూబుతో పాటు డ్రెస్సింగ్ సామాను, మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు, కాలు ఆనించకుండా ఉండే రోజులకు ఇంటి రేషన్ కలిపి ఇవ్వాలని నా మనవి. సగం వైద్యానికి ఇచ్చిన సొమ్ము వృథా కాకుండా ఉండాలంటే మిగతా సగం కూడా మనమే చూడాలి.

ఇక పుండు పడకుండా చూసుకునే అవకాశం మన నమాజులోనే ఉంది. రోజుకు ఐదుసార్లు వజూలో పాదాలు కడుగుతాం. షుగర్ ఉన్నవారు అప్పుడే అరికాలిని, వేళ్ల సందులను చూసుకోవాలి. చిన్న పగులు, పొక్కు, ఎరుపు కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తర్వాత వేళ్ల మధ్య తడి తుడవాలి. తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియదు. ఎండాకాలం జుమా రోజు మసీదు వాకిట్లో కాలే బండల మీద చాపలు పరిపించడం కూడా ఒక కాలిని కాపాడే సదఖాయే.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. రోగులకు షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.