మీకు తెలుసా? పదిమందిని అడిగితే ఇద్దరే రావచ్చు!

గ్రంథాలయ డేటాబేస్‌లో రచయితలది ఒక టేబుల్, పుస్తకాలది మరొకటి. రెండింటినీ జాయిన్ చేసి, పేర్ల వరసలో పెట్టి, చివర ‘లిమిట్ 10’ అని రాస్తే పదిమంది రచయితలు వస్తారనుకుంటాం. రారు. ఎస్‌క్యూఎల్ ముందు జాయిన్ పూర్తిచేస్తుంది, లిమిట్‌ను అన్నిటికన్నా చివర చూస్తుంది. జాయిన్ అయ్యాక ఒక్కో పుస్తకానికి ఒక్కో వరస. మొదటి రచయితకు ఏడు పుస్తకాలు, రెండో ఆయనకు మూడు ఉంటే పది వరసలూ అక్కడికే సరి! ఎర్రర్ రాదు కాబట్టి ఈ తప్పు చాలాకాలం ఎవరి కంటా పడదు. అదే దీనిలో అసలు ప్రమాదం.

మందు సులువే. రచయితల టేబుల్ నుంచి పదిమందిని ముందే సబ్‌క్వెరీలో ఏరి, ఆ తర్వాత పుస్తకాలతో జాయిన్ చేయాలి. ఆర్డర్ బై లోపల ఉండాలి, లేకపోతే ఏ పదిమంది వస్తారో చెప్పలేం. బయట కూడా మళ్లీ రాయాలి, జాయిన్ తర్వాత లోపలి వరస నిలుస్తుందన్న హామీ లేదు. ఒక్క పుస్తకమూ లేని రచయిత జారిపోకూడదంటే లెఫ్ట్ జాయిన్ వాడండి.

మరి ఒక్కో రచయితవి తాజా పుస్తకాలు మూడే కావాలంటే? దానికి లాటరల్ జాయిన్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2013లో 9.3 వెర్షన్‌తో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0.14 నుంచి పనిచేస్తుంది.