పోర్ట్‌ఫోలియో: ఆకులు మోయు సంచి

1998లో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీగా ఎదిగిన ఆ ప్రాంతమున ఇప్పుడు తరచుగా వినవచ్చు మాటలలో పోర్ట్‌ఫోలియో ఒకటి. కంప్యూటరు తెరకు బొమ్మలు కూర్చు యువతి ఉద్యోగమునకై పోవుచు తన పోర్ట్‌ఫోలియో చూపును. నానక్‌రామ్‌గూడలోని ఆర్థిక సంస్థలో ఉద్యోగి మదుపుదారుల పోర్ట్‌ఫోలియోను లెక్కించును. ఇంగ్లీషు వార్తలలో మంత్రులకు పోర్ట్‌ఫోలియోలు పంచిరని విందుము. ఒక్క మాటకు ఇన్ని అర్థము లెట్లు కలిగినవి?

దీనికి మూలము లాటిన్ భాషలోని ఫోలియమ్, అనగా ఆకు. దానినుండి ఇటాలియన్ భాషలో రెండు మాటలు పుట్టినవి. ఫోల్యా చెట్టు ఆకు, ఫోల్యో కాగితము. పోర్తారే అనగా మోయుట. కాగితములు మోయు సంచికి పోర్తాఫోల్యో అను పేరు వచ్చెను. ఇంగ్లీషువారు 18వ శతాబ్ది తొలి పాదమున ఈ మాటను గ్రహించిరి.

పిదప అర్థము సంచినుండి అందలి సరకునకు ప్రాకెను. చిత్రకారుని సంచి పేరు ఆతని చిత్రములకే చెల్లెను. ఫ్రాన్సులో రాజ్యవ్యవహారముల కాగితములుంచు సంచి పేరు మంత్రి అధికారమునకు వచ్చెను. మదుపుదారుని బాండ్లు, వాటాపత్రముల మొత్తమునకును అదే పేరు స్థిరపడెను. లెక్కపుస్తకమున ఆకునకు వేయు అంకె ఫోలియో. మ్యూచువల్ ఫండ్ వారు నేడు మనకిచ్చు ఫోలియో నంబరు దాని సంతతియే.

ఇది మనకు వింత కాదు. సంస్కృతమున పత్రమనగా ఆకు. దానపత్రము, వాటాపత్రము అందుండి వచ్చినవే. తెలుగున కమ్మ యనగా తాటియాకు, ఉత్తరము, చెవి నగ కూడ. తాటాకుపై గంటముతో వ్రాసినవారికి ఆకే కాగితము. మంత్రుల విషయమున మాత్రము మన దారి వేరు: ఇంగ్లీషువారు ఆకుల సంచి నిచ్చిన చోట మనము శాఖను, అనగా కొమ్మను, ఇచ్చితిమి.

నేడు మదుపుదారుని సంచిలో ఆకులు రాలినవి, పేరు మాత్రము నిలిచినది. 1996 నాటి డిపాజిటరీల చట్టముతో వాటాలు కాగితమును వీడి కంప్యూటరు ఖాతాలలో చేరసాగినవి. 2019 ఏప్రిల్ 1 నుండి, స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీల వాటాలను కాగితరూపమున నున్నంతవరకు అమ్మి కొన్నవారి పేర మార్చుట సాధారణముగా సాధ్యము కాదు. ముందుగా వానిని డీమ్యాట్ ఖాతాలోనికి మార్పించుకొనవలెను. తాతగారు కొన్న వాటాల కాగితములు పెట్టెలో భద్రముగా నున్నవి గదా యని ఊరకున్నచో, పిల్ల పెండ్లికో వైద్యమునకో సొమ్ము కావలసిన నాడు అవి వెంటనే అక్కరకు రావు. వారసుల పేర మార్పించుకొనుటకు మరికొంత కాలము పట్టును.

మీ చేతనున్న ఈ పత్రిక పేరును పత్రమునుండి పుట్టినదే. దీనిని చదివి మూసిన పిదప, ఇంటిలోని పాత పెట్టె నొకమారు తెరచి, అందే ఆకులున్నవో చూచుకొనుడు.