ఆలిచిప్ప ఎదుగుదల: నీటిదే నిర్ణయం

బెంగళూరులోని కేరళ భోజనశాలల్లో ‘కల్లుమ్మక్కాయ’ పేరుతో వడ్డించేది సముద్రపు ఆలిచిప్పలోని మాంసమే. ఆంగ్లంలో దీనిని మసెల్ అంటారు. పచ్చని పెంకుగల రకం పశ్చిమ తీరంలోనూ, విశాఖపట్నం వంటి తూర్పు తీర ప్రాంతాల్లోనూ రాళ్లను పట్టుకొని పెరుగుతుంది. పీచువంటి పోగులతో ఒకచోట అతుక్కున్న తరువాత అది దాదాపు అక్కడే జీవిస్తుంది. కనుక తనను చేరే నీరు ఎటువంటిదో, దాని ఎదుగుదల అటువంటిది.

ఆలిచిప్ప మొప్పలతో నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మమైన నాచును ఆహారంగా గ్రహిస్తుంది. ఒడ్డు రాళ్లపై ఉన్నది ఆటు వేళ నీరు దిగిపోగానే పెంకులు మూసుకొని మేత మానుతుంది. నిరంతరం నీటిలో వ్రేలాడే తాడుపై ఉన్నదానికి ఆ విరామం లేదు. అందుచేత అది త్వరగా పెరుగుతుంది. మరీ గుంపుగా ఉంటే మేత చాలక పెరుగుదల మందగిస్తుంది. నీటిలో ఉప్పదనం బాగా తగ్గి, చాలా రోజులు అలాగే ఉంటే చిప్పలు చనిపోతాయి.

ఈ సూత్రాలను ఆధారం చేసుకొని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సాగు పద్ధతిని రూపొందించింది. కేరళలోని కాసరగోడ్ జిల్లా పడన్న ప్రాంతంలో 1990ల మధ్యకాలం నుండి ఈ సాగు వ్యాపించింది. మహిళా స్వయం సహాయక బృందాలు ఇందులో ముందున్నాయి. పిల్లచిప్పలను పలుచని నూలుగుడ్డతో తాడు చుట్టూ కట్టి, వెదురు పందిళ్ల నుండి ఉప్పునీటిలోకి వ్రేలాడదీస్తారు. గుడ్డ చివికిపోయేసరికి చిప్పలు తాడును పట్టుకుంటాయి. సుమారు ఐదారు నెలల్లో, నైరుతి వానలు ఉప్పునీటిని పలుచన చేయకముందే, పంట తీస్తారు. పిల్లచిప్పలను రాళ్లపై నుండి విచ్చలవిడిగా గీకివేస్తే సహజ సంతతి తరిగి, మరుసటి ఏటి సాగే దెబ్బతింటుంది.

నీటిని వడగట్టే జీవి మురుగులోని క్రిములను, సీసం వంటి లోహాలను కూడా తనలో చేర్చుకుంటుంది. బాగా ఉడికిస్తే క్రిములు నశిస్తాయి. లోహాలు మాత్రం పోవు. అమెరికాలో 1986 నుండి తీరజలాల కాలుష్యాన్ని ఈ చిప్పల ద్వారానే పరిశీలిస్తున్నారు.

పడన్నకు మన నగరపు నీరు చేరదు. అయితే బెళ్లందూరు, వర్తూరు చెరువుల నీరు దక్షిణ పినాకిని ద్వారా, వృషభావతి నీరు అర్కావతి, కావేరుల ద్వారా బంగాళాఖాతం వైపే సాగుతుంది. కాబట్టి వాడిన నూనెను, రంగులను, రసాయనాలను రాజకాలువలలో పారబోయరాదు. ఆలిచిప్పలు కొనేటప్పుడు, తట్టినా మూసుకోని చిప్పలను తీసుకోకండి.