ఆరు బండ్లు, ఒక దారి: ముందటోనికి వెనకటోని మాట ఎట్లా అందాలె?

దసరా దగ్గరికొచ్చిందంటే మన కార్ఖానాల్లో కుర్రాళ్ళ మాటలే మారిపోతాయి. బస్సు టికెట్టు సంగతి అడిగేవాళ్ళు తగ్గారు. "ఎన్ని బండ్లు పోతున్నయ్? ఎన్ని గంటలకు బయల్దేరాలె?" ఇదే ముచ్చట. సోలాపూర్ నుంచి హైదరాబాద్ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 కిలోమీటర్లు. నల్‌దుర్గ్, ఉమర్గా దాటితే కర్ణాటక. హుమ్నాబాద్ దాటి జహీరాబాద్ చేరితే తెలంగాణ. ఆ పైన ఎవరి ఊరి దారి వాళ్ళది. ఐదారు బండ్లు కలిసి పోతాయి. సగం బండ్ల మీద వెనక వదినో చెల్లెలో, మధ్యలో ఒక పసిపిల్లో ఉంటారు.

ఈ ఏడు కొత్తగా వినబడుతున్న మాట ఇంటర్‌కామ్. హెల్మెట్‌లో పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే పెట్టె. "ఏది తీసుకోవాలె అన్నా? రెండు వేలకూ దొరుకుతుంది, ముప్పై వేలకూ దొరుకుతుంది, తేడా ఏంది?" అని అడుగుతున్నారు. ఇది షోకు కోసం అడిగే ప్రశ్న కాదు.

నిరుడు మన పేటలో ఒక కుటుంబానికి జరిగింది చాలామందికి తెలుసు. ఉమర్గా దాటినంక, చీకటి పడే వేళ, ఆరు బండ్లలో ఆఖరి బండి చైను తెగింది. ఫోను చేస్తే ముందున్నవాళ్ళ ఫోన్లన్నీ జేబుల్లో, సంచుల్లో మోగుతున్నాయి, ఒక్కరికీ వినబడలేదు. హుమ్నాబాద్‌లో చాయ్ తాగడానికి ఆగి లెక్క పెట్టుకుంటే గానీ ఒక బండి లేదని తెలియలేదు. అప్పటిదాకా ఆ భార్యాభర్తలు నాలుగేళ్ళ పిల్లను ఎత్తుకుని, లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే రోడ్డు అంచున నిలబడ్డారు. ఏమీ కాలేదు, అదృష్టం. ఆమె మాత్రం ఈ ఏడు బండి మీద రానని ఖరాకండిగా చెప్పేసింది.

కొనేముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అందరూ అందరితో మాట్లాడాలా, లేక మొదటి బండికి ఆఖరి బండి సంగతి తెలిస్తే చాలా? ఖర్చంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ముందు చేతిలో ఉన్న ఫోను సంగతి. హెల్మెట్‌లో పెట్టే మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ కొని అందరూ వాట్సాప్ గ్రూపు కాల్‌లో ఉంటే సరిపోదా అని కొందరంటారు. 32 మంది దాకా మాట్లాడుకోవచ్చు, దూరం హద్దు లేదు. కానీ టవరు లేని చోట కాల్ పోతుంది, మళ్ళీ కలపాలంటే బండి ఆపాలి. ఒక్కని మైకులో గాలి దూరిందంటే ఆ హోరు ఆరుగురి చెవుల్లో పడుతుంది. బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను కింద నేరం, మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా పడవచ్చు. హెల్మెట్‌కూ చెంపకూ మధ్య ఫోను ఇరికించి మాట్లాడే మన అలవాటునైతే అసలే మానుకోవాలి. చేతిలో లేదు కదా అని పోలీసుతో వాదం పెట్టుకున్నా, అది జారి పడేటప్పుడు చెయ్యి హ్యాండిల్ వదిలి దాని వెంటే పోతుంది.

ఇక అసలు ఇంటర్‌కామ్‌లు. ఇవి రెండు జాతులు. ఒకటి బ్లూటూత్, రెండోది మెష్. రెండూ టవరు లేకుండానే హెల్మెట్ నుంచి హెల్మెట్‌కు మాట మోస్తాయి. లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే పని చేస్తాయి.

బ్లూటూత్‌ది ఒంటి దారం పద్ధతి. ఒకటో బండి రెండోదానికి, రెండోది మూడోదానికి ముడి. సాధారణంగా నలుగురి దాకా అలా కలుస్తారు. మధ్యలో ఒకడు పెట్రోలు కోసం పక్కకు తిరిగాడా, దారం తెగినట్టే. అవతలి వాళ్ళు వేరు, ఇవతలి వాళ్ళు వేరు. మెష్ అంటే నేసిన గుడ్డ అనుకోండి. ఒక పోగు తెగినా గుడ్డ విడిపోదు. ఒకని పెట్టె అందకపోతే మాట ఇంకొకని పెట్టె మీదుగా పోతుంది, వెనకబడినవాడు దగ్గరికి రాగానే తనంతట తానే కలుస్తాడు. కార్డో కంపెనీ 2015లో ప్యాక్‌టాక్ పేరుతో ఇలాంటిది తెచ్చింది, 15 మంది దాకా. సేనా కంపెనీ గ్రూపు మెష్‌లో 24 మంది దాకా కలుస్తారు. బెంగళూరు కంపెనీ బ్లూఆర్మర్ కూడా మెష్ పెట్టెలు చేస్తోంది. ఒక మెలిక ఏమిటంటే, ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ మెష్‌తో మామూలుగా కలవదు. బ్లూటూత్‌తో అతుకు వేయొచ్చు గానీ మాట నాణ్యత పడిపోతుంది. కాబట్టి గుంపంతా ఒకే రకం తీసుకోవాలి, లేదా అసలు మెష్ జోలికి పోకూడదు.

ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. పేరున్న మెష్ పెట్టె ఒక్కోటి ఇరవై వేలు దాటి నలభై వేల దాకా ఉంది. ముప్పై వేల చొప్పున ఆరు కొంటే లక్షా ఎనభై వేలు. ఆ డబ్బుకు రెండు కొత్త వంద సీసీ బండ్లు వస్తాయి. సాంచాల మీద పగార్ తీసుకునే ఇంటికి ఇది ఏడాదికి రెండు ప్రయాణాల కోసం పెట్టే ఖర్చు కాదని నా అభిప్రాయం.

చవక రకాల డబ్బా మీద రాతల్ని జాగ్రత్తగా చదవండి. "6 రైడర్లు" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. కొన్నింటిలో ఆరుగురిని జత చేయవచ్చన్నంత వరకే నిజం, ఒకసారికి ఇద్దరే మాట్లాడగలరు. "1000 మీటర్లు" అన్నది అడ్డంకి లేని మైదానంలో కొలిచిన దూరం. మధ్యలో ఒక కంటైనర్ లారీ వచ్చినా, రోడ్డు గుట్ట చుట్టూ తిరిగినా అందులో సగం కూడా అనుమానమే.

అయితే మనకు ఎంత దూరం కావాలి? లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 17 మీటర్లకు కొంచెం తక్కువ. బండికీ బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం అంటే 33 మీటర్లు. ఆరు బండ్ల మధ్య ఐదు ఎడాలు, మొత్తం 170 మీటర్ల లోపే. మూడు సెకన్లు వదిలినా 250 మీటర్లు. ఈ దూరానికి మాములు బ్లూటూత్ ఇంటర్‌కామ్ చాలు.

అందుకే ఆరు బండ్ల గుంపుకు నేను చెప్పేది రెండే పెట్టెలు. ఒకటి ముందటోనికి, ఒకటి ఆఖరివానికి. మధ్య వాళ్ళకు ఒకే పని: అద్దంలో తన వెనక బండి కనబడుతోందా చూసుకోవడం. కనబడకపోతే తాను నెమ్మదించాలి. అప్పుడు తన ముందువాడు అద్దం చూసి నెమ్మదిస్తాడు, అలా మొదటి బండి దాకా పోతుంది. ఈ పద్ధతికి కరెంటు అక్కర్లేదు. ఇంటర్‌కామ్ తెగిపోవడం కూడా ఒక కబురే: ఆఖరివాని మాట ఆగిందంటే ముందటోడు వేగం తగ్గించి రోడ్డు దిగి ఆగాలి. రెండే పెట్టెలైతే మెష్‌కు డబ్బు పోయడం దండగ, మధ్యలో మాట మోసే పెట్టెలు లేనప్పుడు అది నేసే గుడ్డ ఏముంది?

ఆఖరి బండి గుంపులో అందరికన్నా అనుభవం ఉన్నవానికి ఇవ్వాలి. మన పిల్లలు బాగా నడిపేవాణ్ణి ముందు పెడతారు, కొత్తవాణ్ణి వెనక వదిలేస్తారు. అది తలకిందులు.

అంత ఖర్చు కూడా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. మొదటి బండి వెనక, ఆఖరి బండి వెనక కూర్చున్న ఆడవాళ్ళే ఫోన్ల మీద ఉండొచ్చు. వాళ్ళ చేతులు ఖాళీ, కళ్ళు ఖాళీ, పైగా మొగోళ్ళకన్నా వివరంగా చెప్తారు. గంటకోసారి, ఊరు దాటినప్పుడల్లా, ఒక్క ఫోను చాలు. వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరి అన్నది మరవొద్దు.

వాకీటాకీలు వద్దా అంటే, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పని చేసే తక్కువ శక్తి సెట్లకు 2018 నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆన్‌లైన్లో చవకగా వచ్చేవన్నీ అలాంటివి కావు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ విషయం మీద 13 ఆన్‌లైన్ వేదికలకు నోటీసులిచ్చింది. ప్రభుత్వ ఆమోదం వివరాలు చూపని సెట్టు కొనొద్దు. పైగా మీట నొక్కి పట్టుకుంటే గానీ మాట పోదు, ఆ చెయ్యి హ్యాండిల్ మీద ఉండాల్సిన చెయ్యి.

ఇప్పుడు మన ఇళ్ళకే చెందిన సంగతి ఒకటి, దుకాణంవాడు చెప్పనిది. ఇరవై ఏళ్ళు సాంచాల మధ్య పని చేసిన మనిషి చెవి మామూలు చెవి కాదు. షెడ్డులో మనం పెదవులు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. హోరులో ముందుగా పోయేది సన్నని ధ్వనుల వినికిడి. మాట వినబడుతుంది, ఏమన్నాడో తెలియదు. స, శ, త లాంటి అక్షరాలు జారిపోతాయి. హెల్మెట్‌లో గాలి హోరు వేగం పెరిగితే 90 డెసిబెల్స్ దాటుతుంది. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు కూడా 90 డెసిబెల్సే. ఇలాంటప్పుడు వెనకవాడు "ఆగు" అన్నాడో "సాగు" అన్నాడో ఎట్లా తెలియాలె? మధ్య ఒక్క స అక్షరమే తేడా, అర్థం మాత్రం ఉల్టా. కాబట్టి మాటలు ముందే ఎంచుకోండి. ఆగడానికి "బంద్", కదలడానికి "చలో". పెట్రోలు, పంచరు, చాయ్ వాటి పేర్లతోనే. పొడుగు ముచ్చట్లు ధాబా దగ్గర. పాటలు అసలు వద్దు, వాటి కోసం సౌండు పెంచితే పోయిన చెవి ఇంకా పోతుంది.

కొనేటప్పుడు కూడా పాట పెట్టి చూసి మురిసిపోకండి. తిరిగి ఇచ్చే గడువు లోపలే హెల్మెట్‌కు బిగించి, అక్కల్‌కోట్ రోడ్డు మీద 60 వేగంలో పోతూ, వెనకవాడు పది అంకెలు చదివితే ముందువాడు తిరిగి చెప్పాలి. ఎనిమిది తప్పకుండా రావాలి. రాకపోతే ఆ పెట్టె మీ చెవికి సరిపోదు, లేదా ముందు నడిపే పని ఇంకొకరికి ఇవ్వాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

హెల్మెట్ ముఖం మూసేది అయితే వైరుతో వచ్చే చిన్న గుండీ మైకు, ముఖం తెరిచి ఉండేది అయితే కర్ర మైకు కావాలి. సగం హెల్మెట్‌లో ఏది పెట్టినా గాలే వినబడుతుంది. ఉన్న డబ్బు హెల్మెట్‌కో ఇంటర్‌కామ్‌కో ఒకదానికే సరిపోతే ఆలోచించే పనే లేదు, ఐఎస్ఐ ముద్ర ఉన్న నిండు హెల్మెట్ కొనండి. స్పీకరు పట్టడం లేదని లోపలి థర్మాకోల్‌ను బ్లేడుతో చెక్కేవాళ్ళున్నారు. దెబ్బ తగిలినప్పుడు తలను కాపాడేది ఆ థర్మాకోలే. చెవి దగ్గర గుంట ఉన్న హెల్మెట్ చూసుకోవాలి గానీ గుంట మనం చేయకూడదు. స్పీకరు చెవిని ఒత్తుతోందంటే గంటకే తలనొప్పి వస్తుంది, హుమ్నాబాద్ దాకా పోలేరు.

వాన కోసం ఐపీ67 అని రాసి ఉందా చూడండి. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థం. పాతది చవకగా వస్తోందంటే బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో నడిపించి చూశాకే డబ్బివ్వండి.

జత కలిపే పని బయల్దేరే ముందు రోజే, అశోక్ చౌక్‌లో నింపాదిగా చేసుకోండి. రాత్రి చార్జింగు పెట్టేటప్పుడే ప్రతి హెల్మెట్ వెనక పేరు రాసి అంటించండి. నల్‌దుర్గ్ దగ్గర చాయ్ బల్ల మీద ఆరు నల్ల హెల్మెట్లు వరుసగా పెడితే ఏది ఎవరిదో తెలియదు, ఆఖరివాని పెట్టె మధ్యవాని తల మీదికి పోతుంది.