ఓడ ఆగేది కొన్ని గంటలే... రేవులో దిగాక ఎవరి వెంట వెళ్లాలి?

రాయ్‌పూర్‌ వాళ్లకు సముద్రం అంటే విశాఖపట్నమే. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. విశాఖ రేవు 1933లో మొదలైంది. మధ్య భారతంలోని ఖనిజాన్ని, ధాన్యాన్ని ఒడ్డుకు చేర్చేందుకు పనికొచ్చిన ఆ దారిలోనే ఇప్పుడు విహారయాత్రికులూ దిగుతున్నారు. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్‌-విశాఖ వందేభారత్‌ను ఉదయం ఆరు దాటాక రాయ్‌పూర్‌లో ఎక్కితే మధ్యాహ్నం రెండు లోపు విశాఖ చేరుస్తుంది. అక్కడి రేవులో సుమారు రూ.96 కోట్లతో కట్టిన క్రూజ్‌ టెర్మినల్‌ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. కోర్డీలియా ఓడ 2022లోనూ 2025లోనూ విశాఖ, చెన్నై మధ్య తిరిగింది. ఇంకాస్త ఖర్చుకు సిద్ధపడే రాయ్‌పూర్‌, భిలాయ్‌ తెలుగు కుటుంబాలు సింగపూర్‌ వెళ్లి, అక్కడి నుంచి పెనాంగ్‌, ఫుకెట్‌ వెళ్లే ఓడలు ఎక్కవచ్చు.

ఏ ఓడ ఎక్కినా మొదటి రేవు రాకముందే ఒక ప్రశ్న వస్తుంది. ఉదయం ఎనిమిదికి ఆగిన ఓడ సాయంత్రం అయిదుకు కదులుతుంది. ఈలోపు ఊరు చూడటానికి ఓడ కంపెనీ అమ్మే టూర్‌ కొనుక్కోవాలా? సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకోవాలా?

తెలియని ఊరి గురించి ఆలోచించే ముందు తెలిసిన ఊరినే తీసుకుంటే లెక్క తేలికగా అర్థమవుతుంది. ఒక విదేశీ ఓడ ఉదయం విశాఖలో ఆగిందనుకుందాం. ప్రయాణికుడికి రామకృష్ణా బీచ్‌, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, కైలాసగిరి చూడాలని ఉంది. ఇవన్నీ ఊళ్లోనివే. ఆటో చెడిపోతే ఇంకో ఆటో దొరుకుతుంది. ఈ మాత్రానికి ఓడవాళ్ల బస్సు అక్కర్లేదని ఏ విశాఖవాసైనా చెబుతాడు. కాకపోతే సోమవారం కురుసుర మూసి ఉంటుందన్న సంగతి ముందే కనుక్కోవాలి.

అదే ప్రయాణికుడు అరకు వెళ్తానంటే? వంద కిలోమీటర్లు పైబడిన దారి, అందులో ఘాట్‌ రోడ్డు. వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. మధ్యలో బొర్రా గుహలు. ఒక లారీ అడ్డంగా ఆగిపోతే ఓడ తప్పిపోయినట్టే. అరకు వెళ్లి తీరాలనుకుంటే ఓడ కంపెనీ టూర్‌లోనే వెళ్లాలి. వాళ్ల బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు కంపెనీయే తన ఖర్చుతో చేరుస్తుంది. సొంతంగా వెళ్లినవారికి ఆ హామీ లేదు. ఓడ టూర్‌కు పెట్టే ఎక్కువ ధరలో పెద్ద భాగం ఈ ఒక్క భరోసాకే.

కొత్త రేవులో వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: చూడాలనుకున్నది బీచ్‌ రోడ్డు లాంటిదా, అరకు లాంటిదా? పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్‌ పక్కనే ఆగుతుంది, నడిచి వెళ్లి పాత వీధులు చూసి రావచ్చు. రోమ్‌ అని టికెట్‌ మీద రాసి ఉన్నా ఓడ ఆగేది దాదాపు 80 కిలోమీటర్ల అవతల చివితవెక్కియాలో. బ్యాంకాక్‌కు ఓడలు ఆగే లేమ్‌ చబాంగ్‌ నుంచి వంద కిలోమీటర్లు దాటి వెళ్లాలి. పేరు చూసి మోసపోకూడదు, మ్యాప్‌ చూడాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఆఫ్రికా తీరంలోని సావో టోమే దీవిలో నార్వీజియన్‌ డాన్‌ ఓడ దిగి, ప్రైవేటు టూర్‌కు వెళ్లిన ఎనిమిది మంది చెప్పిన సమయానికి రాలేదు. ఓడ ఇంకా లంగరులోనే ఉంది, స్థానిక కోస్ట్‌గార్డ్‌ పడవలో వాళ్లు ఓడ దాకా వెళ్లారు కూడా. కెప్టెన్‌ ఎక్కించుకోలేదు. వారి పాస్‌పోర్టులను మాత్రం ఓడ సిబ్బంది ఒడ్డున ఏజెంటుకు అప్పగించారు. దేశాలు మారుతూ గాంబియా చేరితే, ఆటుపోట్ల వల్ల ఓడ అక్కడ ఆగలేకపోయింది. చివరికి సెనెగల్‌ దాకా వెళ్లాల్సి వచ్చింది. అందరూ ఓడలో ఉండాల్సిన సమయం ఓడ కదిలే సమయం కంటే అరగంటో గంటో ముందే ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సింది మొదటిదాన్నే.

ఇక్కడ గడియారం ఒక చిన్న ఉచ్చు వేస్తుంది. సింగపూర్‌, మలేషియా ఒకే సమయంలో ఉంటాయి. థాయిలాండ్‌ గంట వెనక. ఫుకెట్‌లో దిగగానే ఫోన్‌ తనంతట తాను స్థానిక సమయానికి మారిపోతుంది. ఓడ మాత్రం సింగపూర్‌ సమయమే పాటిస్తుండవచ్చు. ఫోన్‌లో నాలుగు అయినప్పుడు ఓడలో అయిదు. దిగేముందు ఓడ గడియారం చూసి, చేతికి పాత వాచీ ఒకటి పెట్టుకోవడం మేలు. శ్రీలంక వెళ్లే ఓడల్లో ఈ గొడవ లేదు, అక్కడిదీ మన సమయమే.

ఫుకెట్‌లో ఇంకో సంగతీ ఉంది. పెద్ద ఓడలు తరచు పటాంగ్‌ ఎదుట సముద్రంలోనే లంగరు వేస్తాయి. ఒడ్డుకు చిన్న బోట్లలో వెళ్లాలి. ఓడ టూర్‌ కొన్నవారిని ముందు దింపుతారు, మిగతావారు టోకెన్‌ పట్టుకుని కూర్చోవాలి. తొమ్మిది గంటల ఆగుడులో రెండు గంటలు అలా పోవచ్చు. తిరుగు ప్రయాణంలోనూ బోటు దగ్గర వరుస ఉంటుంది.

అలాగని కంపెనీ టూర్‌ అన్నివిధాలా క్షేమమని కాదు. వాటిలో చాలావాటిని నడిపేది స్థానిక సంస్థలే, ఓడ కంపెనీ అమ్మిపెడుతుంది. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వైట్‌ ఐలాండ్‌ అగ్నిపర్వతం పేలినప్పుడు అక్కడున్న 47 మందిలో ఎక్కువమంది ఓవేషన్‌ ఆఫ్‌ ద సీస్‌ ఓడ నుంచి టూర్‌లో వచ్చినవారు. 22 మంది చనిపోయారు. ఓడ పేరు చూసి ప్రమాదం గురించి అడగడం మానేయకూడదు.

డబ్బు లెక్కకు వస్తే, ఓడవాళ్లు మనిషికింత అని తీసుకుంటారు, బయట వ్యాను బండికింత అని మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరికి 80 డాలర్లనుకుంటే ఇద్దరికి 160. నానమ్మ, తాతయ్య, పిల్లలతో కలిపి ఆరుగురు బయలుదేరితే 480. తెలుగు కుటుంబాలు ఇలా మూడు తరాలుగా కదలడం మామూలే కాబట్టి వ్యాను చవగ్గా పడుతుంది, మోకాళ్ల నొప్పులున్నవారికి కావలసిన చోట ఆగే వీలూ ఉంటుంది. శాకాహారం ఎక్కడ దొరుకుతుందో బస్సు గైడు పట్టించుకోడు, వ్యాను డ్రైవర్‌ను అడగవచ్చు. ఇద్దరే వెళ్తున్నప్పుడు మాత్రం ఆ తేడా చాలాసార్లు అంత పట్టించుకోదగ్గది కాదు.

వ్యానుకు ముందే డబ్బంతా కట్టేయకూడదు. ఓడ ఏ రేవునైనా వదిలేసి వెళ్లిపోవచ్చు. 2022 జూన్‌లో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వక కోర్డీలియా అక్కడ ఆగలేకపోయింది. ఇలాంటప్పుడు ఓడ టూర్‌ డబ్బు సాధారణంగా వెనక్కి వస్తుంది, బయట కట్టిన అడ్వాన్సు వస్తుందో రాదో ఆ సంస్థ నిబంధనల్లో చూసుకోవాలి.

పాస్‌పోర్టు ఫొటో ఫోన్‌లో ఉండాలి. అసలుది ఓడవాళ్ల దగ్గరే ఉండిపోయే మార్గాలూ ఉన్నాయి. రోజూ గదికి వచ్చే కాగితంలోనో యాప్‌లోనో ఆ రేవు ఏజెంటు నంబరు ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోవాలి. సింగపూర్‌ నుంచి బయలుదేరి మళ్లీ అక్కడికే వచ్చేవారు వీసా ఒకసారికా, పలుసార్లకా అన్నది ఇంట్లో ఉండగానే చూసుకోవాలి.

రాయ్‌పూర్‌ వాళ్లకు ఈ లెక్క ఓడ ఎక్కకముందే మొదలవుతుంది. విశాఖలో సాయంత్రం ఓడ ఉంటే అదే రోజు మధ్యాహ్నం దిగే రైలును నమ్ముకోవడం అరకు వెళ్లి వచ్చినంత సాహసం. ఒకరోజు ముందు చేరి బీచ్‌ రోడ్డులో గది తీసుకోవడం నయం. తిరుగు వందేభారత్‌ విశాఖ నుంచి మధ్యాహ్నం రెండూ యాభైకి, గురువారం మాత్రం ఆ రైలు లేదు.