ఆసు యంత్రం ఎలా పుట్టింది?

మూసీ కృష్ణలో కలిసే వాడపల్లిలో, నరసింహస్వామి గర్భగుడిలో ఒక దీపం రెపరెపలాడుతుంది, ఇంకొకటి కదలదు. స్వామి ఊపిరి తగిలి అంటారు పెద్దలు. చూసిన పిల్లలు "ఎందుకు?" అని అడక్కుండా ఉండరు. కొత్త వస్తువులు పుట్టేది ఇలాంటి ప్రశ్నలతోనే.

పాత నల్గొండ జిల్లాలోనే, శారాజీపేటలో చింతకింది మల్లేశం అమ్మ చేతిని చూస్తూ పెరిగారు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు 9,000 సార్లు! అమ్మకు భుజాలు పీకేసేవి. ఈ పని యంత్రం చెయ్యలేదా? అని మల్లేశంకు అనిపించింది.

ఆయనకు పెద్ద చదువు లేదు. యంత్రం తయారుచేయడానికి ఏళ్లు పట్టింది. చివరి కదలిక ఒక్కటే కుదరలేదు. హైదరాబాద్‌లో వేరే యంత్రం తిరగడం గమనిస్తుంటే అదీ తట్టింది. 1999లో యంత్రం సిద్ధమైంది. దానికి అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం.